పగడాలకు పాచి తోమాలనుకునేవాళ్ళకు

సముద్రంలో పగడాలు నాటే వీడియోలు ఈమధ్య అందరి ఫోన్లలోకీ వస్తున్నాయి. నీలం నీళ్ళు, అడుగున ఇనుప చట్రం, దానికి వేలెడంత పగడం ముక్కను కడుతున్న చెయ్యి. నేను విశాఖలో ఉంటానని, అప్పుడప్పుడూ అండమాన్ వెళ్ళొస్తుంటానని తెలిసినవాళ్ళు ఆ వీడియో పంపి ఒకటే అడుగుతారు: "మనమూ వెళ్ళి నాటొచ్చా?"

నాటడం చివరి పని అని చెబుతాను. ఆ పనిలో ఉన్నవాళ్ళు నీళ్ళలో ఎక్కువసేపు చేసేది పాచి తోమడం. చేతిలో మామూలు టూత్ బ్రష్ ఉంటుంది. కట్టిన ముక్క చుట్టూ, తాడు మీద, చట్రం మీద పేరుకున్న నాచును మెల్లగా గీకి వదిలిస్తారు. పది రోజులకు మళ్ళీ పేరుకుంటుంది, మళ్ళీ తోముతారు. తోమకపోతే ఆ నాచే పగడాన్ని కప్పేసి చంపుతుంది. వీడియోలో ఈ భాగం పెట్టరు, పెట్టినా ఎవరూ చూడరు.

ఆ బ్రష్ చేతికి రావాలంటే కొన్ని మెట్లు ఎక్కాలి. నాకు తెలిసినంతలో అవి ఇవీ.

ముందు, పగడం అంటే ఏమిటో

పగడం అనగానే మనకు ఉంగరం గుర్తొస్తుంది. కుజదోషానికి పెట్టుకునే ఆ ఎర్ర పగడానికి పేరుపడ్డ జాతి మధ్యధరా సముద్రంలో దొరుకుతుంది. దిబ్బలు కట్టే పగడాలు వేరు. ఇవి చిన్న చిన్న జీవులు. ఒక్కోదానికి ఒక నోరు, చుట్టూ మీసాల్లాంటి చేతులు. వేలకొద్దీ పక్కపక్కనే చేరి కింద సున్నపు గూళ్ళు కట్టుకుంటూ పోతాయి. వాటి ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు అద్దెకుంటుంది. అద్దె కింద అది ఎండతో వండి పెడుతుంది. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఆ వంటలోంచే వస్తుంది. మనం చూసి మురిసిపోయే గోధుమ, తేనె రంగులు కూడా చాలావరకు ఆ అద్దెదారువే.

నీళ్ళ వేడి ఆ చోట మామూలుగా ఉండే ఎండాకాలపు గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ పెరిగి, అలాగే కొన్ని వారాలు ఉందంటే ఈ కాపురం చెడిపోతుంది. పగడం నాచును బయటికి గెంటేస్తుంది. రంగు పోయి, పల్చని ఒంట్లోంచి కింది సున్నం తెల్లగా కనపడుతుంది. దీన్నే బ్లీచింగ్ అంటారు. అప్పటికి పగడం చావలేదు, పస్తులుంటోంది. నీళ్ళు త్వరగా చల్లబడితే నాచు తిరిగొస్తుంది, లేకపోతే పగడం చస్తుంది. ఈ తేడా గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు నాలుగు చోట్ల ఉన్నాయి: గుజరాత్ దగ్గర కచ్ సింధుశాఖ, తమిళనాడు వైపు మన్నార్ సింధుశాఖ–పాక్ అఖాతం, లక్షద్వీప్, అండమాన్ నికోబార్. ఇంత పొడవు తీరం ఉండీ మన ఆంధ్రాకెందుకు లేవంటే గోదావరి, కృష్ణ తెచ్చి పోసే ఒండ్రు, మంచినీళ్ళు. పగడానికి ఎండ తగిలే తేట నీళ్ళు కావాలి, మన తీరంలో అవి కరువు. అందుకే మనవాళ్ళలో చాలామంది తొలిసారి పగడాన్ని చూసేది అండమాన్ ట్రిప్‌లోనే. అక్కడ శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి పడవ మీద తెలుగు వినపడితే ఆశ్చర్యపోవద్దు.

1. ఇంటి దగ్గరే తేలడం నేర్చుకోండి

ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు నిలబెడుతున్నాను, ఎందుకంటే నేను దీన్ని ఎగరగొట్టి వెళ్ళాను.

మొదటిసారి వెళ్ళినప్పుడు లైఫ్ జాకెట్ ఉందిగా, ఈత ఎందుకులే అనుకున్నాను. నీళ్ళలో మొహం పెట్టిన రెండో నిమిషంలో ఊపిరి పీల్చే గొట్టంలోకి నీళ్ళొచ్చాయి. టెన్షన్‌తో కాళ్ళు కిందికి దించాను. అరికాలికి గట్టిగా ఏదో తగిలితే రాయి దొరికిందని దాని మీద నిలబడ్డాను. కింద పటపటమని విరిగింది. ఎండిన తుమ్మ కొమ్మ మీద కాలేస్తే వచ్చే చప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. పడవలోంచి గైడ్ కుర్రాడు కేకేశాడు: "కాళ్ళెత్తండి బాబూ! అది రాయి కాదు, దానికి పేణం ఉంది!" వాళ్ళ తాతది శ్రీకాకుళం జిల్లా, యాస పోలేదు.

నేను విరగ్గొట్టింది కొమ్మల పగడం. అదృష్టం కొద్దీ ఇది కొంచెం త్వరగా పెరిగే రకం, అన్నీ కుదిరితే ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా సాగుతుంది. అదే గుండ్రటి బండ పగడమైతే ఏడాదికి సెంటీమీటరు పెరిగితే గొప్ప. మీ బల్లంత వెడల్పున్న బండ పగడం మీ తాతగారి కంటే పెద్దది కావచ్చు.

కాబట్టి ప్రయాణానికి కనీసం నెల ముందు దగ్గర్లోని స్విమ్మింగ్ పూల్‌కి వెళ్ళండి. ఈదడం తర్వాత, ముందు ఈ నాలుగూ రావాలి. బోర్లా పడుకుని, మాస్క్, స్నార్కెల్ గొట్టం పెట్టుకుని, చేతులు కదపకుండా పది నిమిషాలు తేలాలి. గొట్టంలోకి నీళ్ళొస్తే తల ఎత్తకుండా "ఫూ" అని గట్టిగా ఊది బయటికి పంపాలి. మాస్క్‌లోకి నీళ్ళొస్తే ముక్కుతో ఊది వదిలించాలి. అన్నిటికంటే ముఖ్యం నాలుగోది: భయమేస్తే, అలిసిపోతే, ఏం చేయాలో తోచకపోతే కాళ్ళు దించకుండా వెల్లకిలా తిరగాలి. నిలబడాలనిపించడం మన ఒంటికి పుట్టుకతో వచ్చిన అలవాటు, అది పోవడానికి ఇరవై సార్లయినా వెల్లకిలా తిరగడం ప్రాక్టీస్ చేయాలి. మా పూల్‌లో పిల్లలు నన్ను చూసి నవ్వేవాళ్ళు. నవ్వనీయండి.

కాళ్ళకు ఫిన్స్ (రబ్బరు ఈత రెక్కలు) వేసుకుని కూడా ఒకసారి ఈది చూడండి. ఫిన్ వేసుకుంటే మీ కాలు మూరెడు పొడవు పెరిగినట్టే. దిబ్బల మీద స్నార్కెలర్ల వల్ల జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఆ పెరిగిన మూర వెనకాల ఏం చేస్తోందో తెలియకపోవడం వల్లే. మోకాలు మడిచి సైకిల్ తొక్కినట్టు కాకుండా, తొడ దగ్గరనుంచి నిదానంగా, చిన్నగా ఊపాలి.

2. సామాను

మాస్క్ సొంతంగా కొనుక్కోగలిగితే కొనుక్కోండి, మొహానికి సరిపోని మాస్కే సగం టెన్షన్‌కి కారణం. పట్టీ తగిలించకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి పీలిస్తే మాస్క్ అతుక్కుని నిలబడాలి, అదే పరీక్ష. మీసాలున్నవాళ్ళకు కొంచెం లీకవుతుంది, తప్పదు. కొత్త మాస్క్ లోపలి అద్దం మీద కంటికి కనపడని పొర ఉంటుంది. మామూలు తెల్ల టూత్‌పేస్ట్‌తో రెండు మూడు సార్లు రుద్ది కడిగితే ఆవిరి పట్టడం తగ్గుతుంది. నీళ్ళలోకి దిగేముందు అద్దం లోపల ఉమ్మి రాసి ఒకసారి కడిగేస్తే చాలు. అసహ్యంగా ఉన్నా అందరూ చేసేది అదే.

సన్‌స్క్రీన్ బదులు పొడుగు చేతుల స్విమ్ చొక్కా, పిక్కలు కప్పే టైట్ ప్యాంటు వేసుకోండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్లను అమ్మకూడదని అమెరికాలోని హవాయి రాష్ట్రం 2018లో చట్టం చేసి, 2021 జనవరి నుంచి అమలు చేసింది. వేడితో పోలిస్తే ఆ రసాయనాల హాని ఎంత అన్న దాని మీద శాస్త్రవేత్తల్లో ఇంకా వాదన ఉంది. మనకు ఆ వాదనతో పనిలేదు. గంటసేపు బోర్లా తేలితే కాలేది వీపు, పిక్కలు. వాటికి బట్టే మేలు. చున్నీలు, వేలాడే తాళ్ళు, మెడలో ఊగే కెమెరాలు మాత్రం వద్దు. వేలాడేది ఏదైనా పగడానికి తగులుకుంటుంది.

ఒక పెన్సిలు, నీళ్ళలో రాసుకునే ప్లాస్టిక్ పలక తీసుకెళ్ళండి. దొరక్కపోతే తెల్లటి ప్లాస్టిక్ డబ్బా మూతను గరుకు కాగితంతో రుద్దండి, దాని మీద పెన్సిలు చక్కగా రాస్తుంది. నా పలక పాత ఐస్‌క్రీమ్ డబ్బా మూతే.

3. ఎప్పుడు, ఏ పడవ

అండమాన్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. జనవరి తర్వాత నీళ్ళు తేటగా ఉంటాయి. బ్లీచింగ్ మొదలైతే సాధారణంగా ఏప్రిల్, మే నెలల్లో కనపడుతుంది.

పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీవిజయపురం) దగ్గర వండూర్‌లో మహాత్మా గాంధీ సముద్ర జాతీయ వనం ఉంది. 1983లో ఏర్పాటైంది, దాదాపు 281 చదరపు కిలోమీటర్లు. అందులో జాలీబాయ్, రెడ్ స్కిన్ దీవులను ఒకేసారి తెరవరు. ఏడాదిలో కొన్ని నెలలు ఒకదానికి పంపితే రెండోదానికి విశ్రాంతి ఇస్తారు. పొలాన్ని బీడు వదలడం తెలిసిన మనకు ఈ పద్ధతి వేరే చెప్పక్కర్లేదు. అనుమతి తీసుకోవాలి, ప్లాస్టిక్ సీసాలు పడవ ఎక్కనివ్వరు. కొంచెం చిరాకనిపించినా తొలిసారి వెళ్ళేవాళ్ళకు నేను ఇదే చెబుతాను. స్వరాజ్ ద్వీప్ (పాత హేవ్‌లాక్), షహీద్ ద్వీప్ (పాత నీల్) తర్వాత చూడొచ్చు.

పడవ మాట్లాడుకునేటప్పుడు మూడు సంగతులు అడగండి. లంగరు ఎక్కడ వేస్తారు? ఇసుకలోనో, నీళ్ళ మీద తేలే బోయాకు కట్టో ఆపుతామంటే మంచిది. "ఎక్కడో ఒకచోట వేస్తాంలే" అంటే ఆ లంగరు పగడాల మీద పడుతుందని అర్థం. పోటు ఎన్నింటికి? పోటు నీళ్ళలో దిగితే దిబ్బకూ మీ పొట్టకూ మధ్య దూరం ఉంటుంది, ఆటు సమయంలో మోకాళ్ళు గీసుకుంటాయి. గైడ్ ఒక్కడికి ఎంతమంది? నలుగురు దాటితే ఎవరి కాళ్ళు ఎక్కడున్నాయో అతనికి తెలియదు.

మొసలి బోర్డు ఉన్న బీచ్‌లో దిగకండి. ఆ బోర్డు ఊరికే పెట్టరు, అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళు నిజంగా ఉన్నాయి.

4. నీళ్ళలో

పడవ దిగగానే దిబ్బ మీదికి ఉరకకుండా ముందు ఇసుక ఉన్నచోట ఐదు నిమిషాలు తేలండి. మాస్క్, గొట్టం, పట్టీలు అన్నీ అక్కడే సర్దుకోవాలి. సర్దుకోవడానికి ఆగేది, నిలబడేది ఎప్పుడూ ఇసుక మీదే.

దిబ్బ అంచు వెంట వెళ్ళండి, మీద నుంచి కాదు. నడుం లోతు కంటే తక్కువ నీళ్ళుంటే అటు పోకండి. చేతులు పొట్ట కింద కట్టుకోండి లేదా వెనక పెట్టుకోండి. ఏదీ ముట్టుకోవద్దు. పగడం ఒంటి మీద జిగట పొర ఉంటుంది, మన చర్మం మీది పొరలాగే అది రోగాలు రాకుండా కాపాడుతుంది, వేలితో రాస్తే పోతుంది. నిప్పు పగడం లాంటివైతే మీకే వాత పెడతాయి.

గైడ్ బిస్కెట్లు విసిరితే చేపలు మూగుతాయి, ఫోటో బాగా వస్తుంది. వద్దని చెప్పండి. దిబ్బ మీద నాచు మేసే చేపలు ఉచితంగా పాచి తోమేవాళ్ళు. వాళ్ళను బిస్కెట్లకు అలవాటు చేస్తే ఆ పని ఎవరు చేస్తారు? ముఖ్యంగా చిలక చేప. పచ్చ, నీలం రంగుల్లో, చిలక ముక్కు లాంటి నోటితో ఉంటుంది. చెవులు నీళ్ళలో ఉంచి కదలకుండా తేలితే అది పగడపు బండను కొరుకుతున్న చప్పుడు వినపడుతుంది, పక్కింట్లో ఎవరో చేగోడీలు నములుతున్నట్టు. కొరికిన సున్నాన్ని పొడి చేసి వెనక నుంచి వదులుతుంది. మీరు నడిచొచ్చిన తెల్లటి ఇసుకలో కొంత దాని పెంట. రాత్రి హోటల్లో చేప ఆర్డర్ ఇచ్చేటప్పుడు చిలక చేప కాదు కదా అని అడగండి, సూరనో వంజరమో తినండి.

5. చూసింది రాయండి

ఇక్కడినుంచి మీరు టూరిస్టు కాదు, పనిలో ఉన్నవాళ్ళు.

ముందు మూడు రకాలు గుర్తుపట్టడం రావాలి. బాగున్న పగడం గోధుమ, ఆలివ్, తేనె రంగుల్లో ఉంటుంది, కొంచెం మసకగా, ప్రాణమున్న చర్మంలా. బ్లీచ్ అయినది ధగధగమనే తెలుపు, కానీ దగ్గరగా చూస్తే పల్చని ఒళ్ళు ఇంకా ఉంటుంది, గూళ్ళ అంచులు శుభ్రంగా ఉంటాయి, నాచు ఉండదు. చచ్చినదాని మీద పాచి పట్టి ఉంటుంది, మొదట పచ్చగా, తర్వాత మట్టి రంగులో. చాలామంది తెల్లగా ఉన్నదాన్ని చూసి అయ్యో చచ్చిపోయిందంటారు, పాచి పట్టినదాన్ని చూసి రాయనుకుంటారు. ఒక చిక్కు కూడా ఉంది. కొమ్మల పగడం చివర్లు ఎప్పుడూ లేతగానే ఉంటాయి. అవి కొత్తగా పెరుగుతున్న చిగుళ్ళు, బ్లీచింగ్ కాదు.

కంటి అంచనా కంటే రంగుల చార్టు మేలు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళ కోరల్‌వాచ్ అనే కార్యక్రమం 2002 నుంచి ఒక చార్టును వాడిస్తోంది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ అట్ట, అంచుల చుట్టూ రంగు గళ్ళు, ఒక్కో రంగులో 1 నుంచి 6 దాకా అంకెలు. 1 దాదాపు తెలుపు, 6 ముదురు. వాళ్ళ సైట్‌లో అడిగి తెప్పించుకోండి. ఇంట్లో ప్రింట్ తీసుకోవద్దు, రంగులు మారిపోతాయి.

వాడే తీరు ఇది. ఒక పగడం ఎంచుకోండి, అందమైనదో తెల్లబడినదో ఏరకుండా ప్రతి ఐదో ఊపుకు ఎదురైనది తీసుకోండి. చార్టును పక్కన పట్టి, తగలకుండా, ఆ పగడంలో అన్నిటికంటే లేత చోటు ఏ గడికి సరిపోతుందో, ముదురు చోటు దేనికి సరిపోతుందో రాయండి. చిగుళ్ళను వదిలేయండి. కొమ్మలదా, బండదా, పళ్ళెం లాంటిదా, మెత్తనిదా అన్నది కూడా రాయండి. ఇలా కనీసం ఇరవై. తేదీ, వేళ, లోతు, చోటు తప్పనిసరి. అదే చోటికి మరోసారి వెళ్ళినప్పుడు అంకె రెండు గళ్ళు కిందికి జారితే పగడం నిజంగా ఇబ్బందిలో ఉందని అర్థం. మీ లెక్కలు వాళ్ళ సైట్‌లోనో యాప్‌లోనో ఎక్కించవచ్చు.

బయల్దేరే ముందు చూసుకోవలసినది మన హైదరాబాద్‌లోనే ఉంది. సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు చూసిన నీళ్ళ వేడిని బట్టి మన దేశపు దిబ్బలకు బ్లీచింగ్ హెచ్చరికలు కూడా ఇస్తుంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని పగడాలకు జ్వరం చూస్తున్నారన్నమాట. హెచ్చరిక ఉన్న వారాల్లో వెళ్తుంటే ఇరవైకి బదులు నలభై లెక్కపెట్టండి, ఆ రోజుల లెక్కకే విలువ ఎక్కువ. దిబ్బ మీదికి అసలు వెళ్ళకుండా అంచు నుంచే రాసుకుని వచ్చేయండి, జ్వరం మనిషి చుట్టూ జనం మూగకూడదు కదా.

6. ఏరుకోవద్దు

దిబ్బలు కట్టే పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో పాటు. ఒడ్డున కొట్టుకొచ్చిన చచ్చిన ముక్క కూడా తీసుకెళ్ళకూడదు. పోర్ట్ బ్లెయిర్ విమానాశ్రయంలో స్కానర్‌లో పట్టుకుని తీసేసుకుంటారు. పిల్లాడి జేబులో దొరికినా అంతే, అక్కడ ఏడుపులు నేను చూశాను. హోటల్ గదిలోనే జేబులు దులిపించండి.

7. నాటడం

ఇక అసలు అడిగిన ప్రశ్న.

షెడ్యూల్ ఒకటిలో ఉంది కాబట్టి, మంచి ఉద్దేశంతోనైనా సరే, అనుమతి లేకుండా పగడాన్ని విరవడం, కట్టడం, చోటు మార్చడం నేరం. అటవీ శాఖ అనుమతి ఉన్న సంస్థలే చేయాలి. అందువల్ల ఎవరైనా "డబ్బు కట్టండి, పగడం ముక్క మీ చేత్తోనే నాటిస్తాం, సర్టిఫికెట్ ఇస్తాం" అంటే ముందు అనుమతి కాగితం అడగండి. నన్నూ ఒకరు అడిగారు. కాగితం మాటెత్తగానే సర్టిఫికెట్ మీద పేరు బంగారు రంగులో అచ్చు వేస్తామన్నారు.

సరిగ్గా చేసేవాళ్ళు మొదట అడిగేది, ఇక్కడి పగడం ఎందుకు చచ్చింది అని. ఆ కారణం ఇంకా అక్కడే ఉంటే నాటినవీ చస్తాయి. ఇండోనేషియాలో సులవేసి దగ్గర ఒకప్పుడు బాంబులు వేసి చేపలు పట్టేవాళ్ళు. దిబ్బ కంకర కుప్పయింది. కెరటానికి ఆ కంకర దొర్లుతుంటే పిల్ల పగడాలు నిలవలేకపోయాయి. అక్కడ ఇసుక పూత పూసిన ఆరు మూలల ఇనుప చట్రాలను ఒకదానికొకటి కట్టి, కంకర మీద వల పరిచినట్టు పరిచారు. ఒక్కో చట్రానికి పదిహేను ముక్కల దాకా కట్టారు. నాలుగేళ్ళకు ఆ దిబ్బ పెరుగుదల పక్కన బాగున్న దిబ్బలతో సమానమైందని 2024లో తేలింది. జబ్బు కంకర, మందు చట్రం, కాబట్టి కుదిరింది.

అమెరికాలోని ఫ్లోరిడాలో జబ్బు వేడి. అక్కడ ఏళ్ళ తరబడి నీళ్ళలో నర్సరీలు పెట్టి, గొట్టాలతో చెట్టులా కట్టిన చట్రాలకు ముక్కలు వేలాడదీసి పెంచి, దిబ్బల మీద నాటారు. 2023 జూలైలో నీళ్ళు కాగినట్టయ్యాయి. కొన్ని దిబ్బల మీద నాటినవన్నీ పోయాయి. ఆ పని చేసినవాళ్ళే నర్సరీల్లోంచి పగడాలను తీసి ఒడ్డున తొట్లలోకి మోశారు, ఇల్లు అంటుకుంటే పిల్లల్ని బయటికి తెచ్చినట్టు. నాటినవి పోయింది వాళ్ళకు పని రాక కాదు.

మన దేశంలో తూత్తుకుడి దగ్గర మన్నార్ దిబ్బల్లో 2002 నుంచి సుగంధి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ వాళ్ళు సిమెంటు పలకలకు ముక్కలు కట్టి నాటుతున్నారు. ఒకప్పుడు సున్నం కోసం ఆ దిబ్బలను తవ్వి పడవలకెత్తారు. ఆ తవ్వకం ఆగింది కాబట్టే నాటడానికి అర్థం ఉంది.

పని ఇలా సాగుతుంది. తుపానుకో లంగరుకో విరిగి ఇసుకలో పడి ఉన్న ముక్కలను ఏరతారు, వీలైనంతవరకు బతికున్న దిబ్బను విరవరు. ముక్కను చట్రానికో పలకకో కదలకుండా కడతారు. కదిలితే అతుక్కోదు, అసలు కిటుకంతా ఇదే. తర్వాత వారం వారం వెళ్ళి నాచు తోమడం, పగడాన్ని తినే నత్తలను, ముళ్ళ నక్షత్ర చేపలను ఏరేయడం, కొలిచి ఫోటో తీయడం. రెండేళ్ళు గడిచాక ఎన్ని బతికాయో చూస్తే అప్పుడు తెలుస్తుంది నాటామో లేదో. కాబట్టి ఏ సంస్థకైనా డబ్బిచ్చే ముందు "ఎన్ని నాటారు" అని అడగకండి, "రెండేళ్ళ కింద నాటినవాటిలో ఎన్ని ఉన్నాయి" అని అడగండి. సగం పోయాయని నిజం చెప్పేవాళ్ళను నేనైతే నమ్ముతాను.

ఈ బృందాల్లో చేరాలంటే స్కూబా (వీపున గాలి సిలిండరుతో నీళ్ళ అడుక్కి దిగడం) ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ కనీసం ఉండాలి. మూడు నాలుగు రోజుల కోర్సు, పద్దెనిమిది మీటర్ల దాకా దిగొచ్చు. ఆస్తమా, చెవి జబ్బులు, గుండె జబ్బులు దాచకండి, డాక్టర్ని అడగండి. వరసగా డైవింగ్ చేశాక పద్దెనిమిది గంటల దాకా విమానం ఎక్కకూడదు, టికెట్ తీసుకునేటప్పుడే చూసుకోండి. సర్టిఫికెట్ వచ్చిన మర్నాడే బ్రష్ చేతికివ్వరు. అడుగుకు తగలకుండా, పైకి తేలిపోకుండా ఒకేచోట నీళ్ళలో నిలకడగా ఉండటం రావాలి. నాకు అది రావడానికి ఇరవై డైవ్‌లు పట్టింది. ఇప్పటికీ ఊపిరి గట్టిగా పీలిస్తే బెలూన్‌లా పైకి పోతాను.

తోమడం మాత్రం చూసినంత తేలిక కాదు. ముక్క మీద కాదు, ముక్క మొదట్లో, చట్రం మీద తోమాలి. బ్రష్ జీవమున్న చోటికి అర అంగుళం ఇవతలే ఆగాలి. గంటసేపు తోమితే ఒక చట్రం అయింది నాకు. చిన్న చేపలు వచ్చి ఊడిన నాచును తింటూ వేళ్ళ మధ్య తిరుగుతాయి. చెయ్యి లాగుతుంది, చలేస్తుంది.

8. అంత దూరం వెళ్ళలేనివాళ్ళకు

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకుంటే చేప సముద్రంలో పట్టిందా, తొట్టిలో పెంచిందా అడగండి. బీచ్ దుకాణాల్లో పెద్ద గవ్వలు, శంఖాలు, పగడపు బొమ్మలు కొనకండి.

మన తీరంలో చేయగలిగిన పని తెగిన వలలు తీయడం. సముద్రంలో వదిలేసిన నైలాన్ వల ఎవరూ లాగకపోయినా చేపల్ని, తాబేళ్ళని పడుతూనే ఉంటుంది. కొట్టుకుపోయి రాళ్ళకు, పగడాలకు చుట్టుకుంటుంది. ఒడ్డున వల కనపడగానే కత్తెర తీయకండి. ముందు ఊళ్ళో ఎవరినైనా అడగండి: "ఇది ఆరేసిందా అన్నా, వదిలేసిందా?" ఆరేసిన వల కోస్తే ఒక ఇంటి నెల సంపాదన కోసినట్టే. వదిలేసిందని చెబితే ఇసుకలో కూరుకుపోయిన భాగాన్ని లాగకుండా చుట్టూ తవ్వి తీయండి, తూకం వేసి, ఫోటో తీసి, చోటు రాసుకోండి.

రాసుకోవడం గురించి మరొక్క మాట. పలక మీద పెన్సిలుతో రాసింది చాలా రోజులుంటుంది కదా అని ఊరుకోవద్దు. పడవ ఎక్కగానే, తువ్వాలు అందుకోకముందే పలకను ఫోటో తీయండి. ఒకసారి ముప్పై ఒక్క పగడాల లెక్క రాసుకుని ఒడ్డుకొచ్చాను. గైడ్ కుర్రాడి చెల్లెలు, నాలుగేళ్ళది, "మూత మురికైంది" అని ఇసుకతో తళతళలాడేలా తోమి ఇచ్చింది.